సోమవారం దాకా

సుచిత్ర రోజూ పొద్దున టీ తాగుతూ, ఊళ్ళోకి రావాలనుకునేవాళ్ళ ఫారాలు చదివేది. ఆ ఊరి పేరు వానమడుగు. అది ఏ జిల్లాలోనూ లేదు. మూడేళ్ళ కిందట తనూ, ఎల్బీనగర్‌లో ఉండే స్నేహితురాలు సింధూ కలిసి ఇంటర్నెట్‌లో పెట్టిన ఫోరం అది. చేరినవాళ్ళు సొంత పేర్లతో కాకుండా ఒక్కొక్కరూ ఒక పాత్రగా మారి రాస్తారు. ఒకరు పడవ నడిపే ముసలామె, ఒకరు ఉద్యోగం పోయిన కరణం, ఒకరు పిల్లలకు ఈత నేర్పే పహిల్వాన్. ఒకరు రాసినదానికి ఇంకొకరు జవాబు రాస్తూ పోతే కథ దానంతటదే నడిచేది. అలా నూటనలభై మంది పోగయ్యారు.

పాత్ర ఊళ్ళో అడుగు పెట్టాలంటే ముందు ఫారం నింపాలి. పేరు, వయసు, చేసే పని, లోపం, ఊళ్ళో తెలిసినవాళ్ళు, ఎన్నాళ్ళు ఉంటారు. అవన్నీ చదివి, ఎవరి చేతిలోనూ ఓడిపోని వీరులనూ, సినిమాల్లోంచి ఎత్తుకొచ్చిన రాజకుమారులనూ వెనక్కి పంపడం సుచిత్ర పని. ఆమెతో పాటు సింధు కూడా సరే అనాలి. అప్పుడే పాత్రకు తలుపు తెరుచుకుంటుంది.

ఆ నెలలో మాత్రం ఇద్దరి మధ్యా మాటల్లేవు. సకల జనుల సమ్మె మొదలైన వారంలోనే ఒక సభ్యుడు దొంగ పాత్ర పంపాడు. ఊరంతటిలో ఆ దొంగ ఒక్కడే తెలంగాణ యాసలో మాట్లాడతాడు. మాట్లాడిన ప్రతిసారీ చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. సింధు సరే అంది. సుచిత్ర కొట్టేసింది.

"కథే కదా సుచీ, ఎందుకంత పట్టింపు?" అంది సింధు ఫోన్‌లో.

"మీకు కథనే," అంది సుచిత్ర.

ఆ 'మీకు' దగ్గర సింధు ఫోన్ పెట్టేసింది. సింధు వాళ్ళది భీమవరం నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడిన కుటుంబం. అప్పటిదాకా మీరూ మేమూ అన్న మాట ఇద్దరి మధ్యకూ ఎన్నడూ రాలేదు.

సమ్మెలో పంతొమ్మిదో రోజు, శనివారం. సుచిత్ర కంప్యూటర్ పాఠాలు చెప్పే బడి మూతపడి రెండు వారాలు దాటింది. బస్సులు లేవు. సింగరేణిలో బొగ్గు తవ్వకం ఆగిపోయి కరెంటు ఉన్నప్పుడే ఉన్నట్టు. దిల్‌సుఖ్‌నగర్‌లో పోచంపల్లి చీరల దుకాణం నడిపే నాన్న బ్రహ్మం, షట్టర్ సగం దించుకుని కూర్చోవడానికి అప్పటికే వెళ్ళిపోయాడు. పదింటికి కరెంటు పోతుందని తెలిసి సుచిత్ర గబగబా ఫోరం తెరిచింది. ఒకే ఒక్క ఫారం వచ్చి ఉంది.

పాత్ర పేరు: ఇంకా పెట్టలేదు.
వయసు: ముప్పై ఎనిమిది.
పని: దొరకలేదు.
లోపం: వయసు.
ఊళ్ళో తెలిసినవాళ్ళు: ఎవరూ లేరు.
ఎన్నాళ్ళు ఉంటారు: సోమవారం దాకా.

కింద నాలుగు వాక్యాల పరిచయం ఉంది. "వాడు పదకొండేళ్ళుగా ఒకే గదిలో ఉన్నాడు, కిటికీలోంచి చూస్తే స్టేడియం కప్పు కనిపిస్తుంది. కింద ఇస్త్రీపెట్టెలో బొగ్గుల వాసన పైదాకా వస్తుంది. తోటివాళ్ళు ఊళ్ళకు పోయారు, పుస్తకాలన్నీ వాడు పంచేశాడు. ఇప్పుడు నా గది చాలా పెద్దగా ఉంది."

సుచిత్ర చివరి వాక్యం దగ్గర ఆగిపోయింది. కొత్తవాళ్ళు 'వాడు' అని మొదలుపెట్టి 'నేను'లోకి జారడం ఆమెకు కొత్త కాదు. కానీ జారేచోట ఎప్పుడూ గొప్పలే ఉంటాయి. నా కత్తి, నా గుర్రం, నా కోట. 'నా గది' అని జారినవాళ్ళు లేరు.

రెండేళ్ళుగా పేపర్లో ప్రాణాలు తీసుకున్న నిరుద్యోగుల వార్తలు వస్తూనే ఉన్నాయి. చిన్న ఫొటో, ఊరి పేరు, చదువు. ఆ పేజీని చూడకుండా తిప్పేయడం ఆమె అలవాటు చేసుకుంది. ఇప్పుడు తిప్పేయడానికి లేదు. మెసేజ్ పెట్టింది. 'మీరు క్షేమంగా ఉన్నారా? ఇది నా నంబరు. ఒకసారి ఫోన్ చెయ్యండి.' పంపిందో లేదో, పైన ఫ్యాన్ నెమ్మదించి ఆగిపోయింది. తెర నల్లబడింది. మెసేజ్ వెళ్ళిందో లేదో తెలియలేదు.

సభ్యుల ఈమెయిళ్ళూ, పాత వివరాలూ చూడగలిగేది సింధు ఒక్కతే. సుచిత్ర నాలుగుసార్లు ఫోన్ చేసింది. సింధు ఎత్తలేదు.

వంటింటి గడప దగ్గర అమ్మ భాగ్యమ్మ బతుకమ్మ కోసం గునుగు పూల కాడలు కత్తిరిస్తోంది.

"అమ్మా, సింధు వాళ్ళింటికి పోయొస్త."

"గిప్పుడా? బస్సుల్లేవు, ఆటోలు గూడ దొరుకుతలేవు."

"నడుస్త. జర అర్జెంటున్నది."

భాగ్యమ్మ కూతురి మొహం చూసి కత్తెర కింద పెట్టింది. "ఏమైంది బిడ్డా?"

"నాకే తెల్వదమ్మా. ఏం కావద్దనే పోతున్న."

కొత్తపేట దాటేసరికి వీపంతా చెమట పట్టింది. దుకాణాలు మూసి ఉన్నాయి. ఎక్కడో మైకులో పాట, ఆగి ఆగి డప్పు. ఇది వట్టి పాత్రే అయితే ఎట్లా అన్న ఆలోచన ఒక అడుగులో వచ్చేది. అయితే మంచిదే, ఆ మనిషి నవ్వుకుంటాడు, అంతకంటే ఏముంది అని మరుసటి అడుగులో సర్దుకునేది. నాలుగు ఇళ్ళు దాటేలోపు మళ్ళీ మొదలు. ఇవాళ శనివారం. సోమవారానికి మధ్యలో ఒక్క ఆదివారమే ఉంది. 'సోమవారం దాకా' అంటే సోమవారం కూడా కలుపుకునా, కాకుండానా? అది అడిగినా చెప్పేవాళ్ళు లేరు.

తలుపు తీసింది సింధు వాళ్ళమ్మ సూర్యప్రభ. "ఏంటమ్మా, ఈ ఎండలో నడిచొచ్చావా? కూర్చో, ముందు మంచినీళ్ళు తాగు," అంటూనే లోపలికి కేకేసింది. హాల్లో పేపరు చదువుతున్న సింధు నాన్న విశ్వేశ్వరరావు తలూపి మళ్ళీ పేపర్లోకి వంగాడు. ఆ నెలలో ఆయన ఎవరితోనూ ఎక్కువ మాట్లాడటం లేదు.

సింధు గది గుమ్మంలో నిలబడింది. "ఫోన్ సైలెంట్‌లో ఉంది," అంది. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు.

సుచిత్ర కూర్చోకుండానే ఫారంలో ఏముందో చెప్పింది. గుర్తున్న మాటలు గుర్తున్నట్టే. 'నా గది' దగ్గరకు వచ్చేసరికి సింధు వెనక్కి తిరిగి లాప్‌టాప్ తెరిచింది, డేటా కార్డు గుచ్చింది.

"బ్యాటరీ నలభై నిమిషాలు వస్తుంది," అంది. కొంచెంసేపటికి, "ఈమెయిల్లో పేరు సైదులు అని ఉంది. ఇతను ఆగస్టులో కూడా ఒకటి పంపాడు సుచీ."

"ఆగస్టులనా? నేను చూడలేదే."

సింధు తెర ఆమె వైపు తిప్పింది. ఆగస్టు ఫారం ఇంత ముక్తసరిగా లేదు. సరూర్‌నగర్ స్టేడియం వెనక గదిలో ఉంటూ గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే మనిషి. వాడి దగ్గర చదువుకున్న ఇద్దరు కుర్రాళ్ళు ఎమ్మార్వోలయ్యారు. వాడు మాత్రం ఇంకా చదువుతూనే ఉన్నాడు. కింద జవాబు ఉంది. 'లోపం రాయమంటే బాధలు రాశారు. ఊళ్ళో తెలిసినవాళ్ళు లేకుండా పాత్ర నడవదు. మార్చి పంపండి. సుచిత్ర.'

అది ఆమె అందరికీ పంపే జవాబే. అలాంటివి ఒక ఫైల్లో రాసిపెట్టుకుని అతికించేది. ఇది ఎప్పుడు అతికించిందో గుర్తు కూడా లేదు.

"నేను చదవనే లేదు సింధూ. చదివుంటే గుర్తుండేది."

"అది తర్వాత ఏడుద్దువుగాని. స్టేడియం వెనక, కింద ఇస్త్రీ బండి. నా స్కూటీ ఉంది, పద."

సూర్యప్రభ గుమ్మానికి అడ్డం వచ్చింది. "వద్దే, హైవే మీద రాస్తారోకో జరుగుతోందంట. నువ్వు నోరు తెరిస్తే చాలు, మనం ఎవరమో తెలిసిపోద్ది."

"మాట్లాడేది నేను మాట్లాడుత ఆంటీ," అంది సుచిత్ర.

విశ్వేశ్వరరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఎవరికైనా ప్రమాదమా?" అని అడిగాడు. సుచిత్ర తలూపింది. "అయితే వెళ్ళనీ ప్రభా," అన్నాడాయన.

చౌరస్తా దాటాక టైర్లు అడ్డం పెట్టి యాభై, అరవై మంది రోడ్డు మీద కూర్చున్నారు. మెడలో గులాబీ కండువా వేసుకున్న మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. సుచిత్ర నోరు తెరిచేలోపే సింధు అనేసింది, "అన్నా, ఒకతనికి బాగాలేదు, తొందరగా వెళ్ళాలి."

ఆ మాటతీరు విన్నాక అతను సింధు మొహంలోకి చూశాడు. వెనక కూర్చున్న సుచిత్ర వేళ్ళు సీటును గట్టిగా పట్టుకున్నాయి.

"యాడికి?" అన్నాడు.

"సరూర్‌నగర్."

"గీడికెళ్ళి పోతే దొరకదు. ఆ గల్లీల తిరుగుండ్రి, చెరువు కట్ట పొంట పోవొచ్చు. జర పైలం," అని టైరు పక్కకు జరిపాడు.

స్టేడియం వెనక ఇస్త్రీ బండ్లు నాలుగు కనిపించాయి. మొదటి రెండింటి పైన గదులు లేవు. మూడోది తాళం వేసిన ఇంటి ముందు ఉంది. నాలుగో బండి దగ్గర లచ్చయ్య అనే ముసలాయన విసనకర్రతో బొగ్గులు విసురుతున్నాడు. కరెంటు లేకపోయినా ఆగని పని ఆ గల్లీలో అదొక్కటే.

"తాతా, పైన సైదులు అనే ఆయన ఉంటడా?" అని అడిగింది సుచిత్ర.

"సైదులు సారా? ఉంటడు. ముగ్గురుండె. ఇద్దరు ఊర్లకు పోయిన్రు." లచ్చయ్య విసరడం ఆపి, బండి కిందున్న మూట చూపించాడు. "నిన్న నాకు షర్ట్లు ఇచ్చిండు. ఇస్త్రీకనుకున్న. కాదు, నువ్వే ఉంచుకో అన్నడు. మంచిమంచియి. ఎందుకు సారూ అంటే నవ్విండు."

సుచిత్ర మెట్లవైపు పరుగెత్తింది. రెండో అంతస్తులో చివరి తలుపు. కొట్టింది. పేరు పెట్టి పిలిచింది. లోపల చప్పుడు లేదు. గడియ బయటినుంచి వేసిలేదు. సింధు తలుపు తోసి చూసింది. ఖాళీ అరలు, చుట్టిపెట్టిన పరుపు, నేల మీద ఒక సంచి.

"మనిషి లేడు," అంది సింధు.

సుచిత్ర గోడకు ఆనుకుంది. మనం సోమవారం అనుకుంటూ వచ్చాం, అతను ఆగాడో లేదో అనుకుంది.

"ఎవరు గావాలె?"

వెనక మెట్ల మీద సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. రెండు చేతుల్లో రెండు నీళ్ళ బకెట్లు. కరెంటు లేక మోటారు నడవడం లేదు, కింద బోరింగు నుంచి మోసుకొస్తున్నాడు.

"సైదులన్న మీరేనా?" అంది సుచిత్ర. "మేం వానమడుగు నుంచొచ్చినం."

అతను బకెట్లు దించాడు. చాలాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మొహంలో ముందు సిగ్గు, తర్వాత కోపం కనిపించాయి. "ఒక ఫారం పంపితే ఇంటిదాక వస్తరా? నచ్చకపోతే కొట్టేయుండ్రి, పోయినసారి కొట్టేసినట్లు."

"అది నాదే తప్పు. చదవకుండ కొట్టేసిన."

"అది పాత్ర. కథ. మీరు పరేషాన్ కావద్దు, పోండ్రి."

"సోమవారం ఏమున్నదన్నా?"

"ఏం లేదు. రూము ఖాళీ చేసి ఊరికి పోతున్న."

"షర్ట్లు ఇచ్చేసి పోతున్నరా?"

అతను బకెట్లవైపు చూశాడు. అడగకూడదేమో, అడిగితే లేని ఆలోచన పుడుతుందేమో అన్న భయం సుచిత్రకు ఒకవైపు. అడగకుండా మెట్లు దిగి వెళ్ళిపోతే ఇక జీవితంలో నిద్రపట్టదన్న భయం ఇంకోవైపు. ఆమె నేల మీదే కూర్చుంది.

"అన్నా, ప్రాణం తీసుకుందామనుకుంటున్నరా?"

కింద లచ్చయ్య ఎవరితోనో మాట్లాడుతున్న మాటలు వినపడ్డాయి. సైదులు గోడవైపు చూస్తూ, చాలా నెమ్మదిగా, "అనుకున్న," అన్నాడు.

ఆ తర్వాత అతను కూడా కూర్చున్నాడు. ఊరు దేవరకొండ దగ్గర. సోమవారంతో ముప్పై తొమ్మిది నిండుతాయి. సర్కారు ఉద్యోగాలకు వయసు సడలింపుతో కలిపినా అదే ఆఖరు. ఇకపై ఏ నోటిఫికేషన్ వచ్చినా అది అతనిది కాదు.

"సమ్మె ఒద్దంటలేను చెల్లె. నేను గూడ పోయిన, లాఠీ దెబ్బ గూడ తిన్న. రాష్ట్రమొస్తది, నాకు నమ్మకమున్నది. వచ్చినంక పిల్లలకు నౌకర్లొస్తయి. నేనే ఆడికి అందుకోను. ఊర్ల అక్క అడుగుతది, ఈసారి ఏమైందిరా అని. ఇరవైసార్లు చెప్పిన. ఇగ చెప్పబుద్ధి అయితలేదు."

"ఫారం ఎందుకు పంపారు మరి?" అని అడిగింది సింధు.

అతను ఆమెవైపు తిరిగాడు. "మీది ఆంధ్రనా?"

"ఎల్బీనగర్. ఇక్కడే పుట్టాను."

అతను తలూపాడు. "ఎందుకు పంపిన్నో నాకే తెల్వదు. నెట్ సెంటర్ల కూసున్న. ఎవరన్న ఒక్కరు చదివితే బాగుండుననిపించింది. గంతే."

సుచిత్ర పక్కకు వెళ్ళి నాన్నకు ఫోన్ చేసింది. బ్రహ్మం దుకాణం మూసి, పావుగంటలో నడుచుకుంటూ వచ్చేశాడు. మెట్లెక్కిన ఆయాసం తీర్చుకున్నాడు. ఆ తర్వాత సైదులు పక్కన చతికిలపడి, "తిన్నవా?" అన్నాడు.

"లేదు."

"నిన్న?"

సైదులు తల అడ్డంగా ఊపాడు.

"నేను నలభై రెండేండ్లకు మగ్గం ఇడిసిన. ఇంకో పని రాకపాయె. ఇంట్ల ఎవ్వలకు మొఖం సూపెట్టక ఆర్నెల్లు గోడ దిక్కు తిరిగి పండుకున్న. ఆ సంగతి మా అమ్మాయికి గూడ తెల్వదు," అన్నాడు బ్రహ్మం. సుచిత్ర ఆ మాట నిజంగానే మొదటిసారి వింది. "ఇప్పుడు నీకేం నీతులు జెప్ప. లే, అన్నం తిందాం పా. రెండొద్దులు మా ఇంట్ల ఉండు. గీ గదిల ఒక్కనివి ఒద్దు."

సైదులు కదలలేదు. బ్రహ్మం కూడా కదలలేదు. అరగంట దాకా అలాగే కూర్చున్నారు. ఆఖరికి సైదులే లేచి, సంచి తీసుకున్నాడు. ఆ సంచిలో దాచిపెట్టింది ఏమైనా ఉంటే తనకిమ్మని బ్రహ్మం చెయ్యి చాపాడు. సైదులు ఒక పొట్లం తీసి ఇచ్చాడు. అందులో ఏముందో బ్రహ్మం ఎవరికీ చెప్పలేదు.

ఆ రెండు రోజులూ ఇంట్లో ఎవరికీ సరిగా కునుకు లేదు. భాగ్యమ్మ అన్నం పెడుతూ అతని చేతులవైపే చూసేది. బాత్రూమ్‌లో నీళ్ళ చప్పుడు ఆగితే సుచిత్ర చదువుతున్నది ఆపి వినేది. సింధు రోజూ స్కూటీ మీద వచ్చి కూర్చునేది. ఆదివారం మధ్యాహ్నం సైదులే అక్క నంబరు చెప్పాడు. బ్రహ్మం మాట్లాడాడు. అవతల ఆమె ఏడుస్తూ ఒకటే అడిగింది, "మా వోడు ఉన్నడా?" అని. ఫోన్ సైదులుకిచ్చి అందరూ గదిలోంచి బయటికి వచ్చేశారు.

సోమవారం పొద్దున బ్రహ్మం అతన్ని మలక్‌పేటలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. మందులు రాసి, వారం వారం రమ్మన్నాడాయన. తిరిగొచ్చేసరికి భాగ్యమ్మ సేమియా పాయసం చేసింది. పుట్టినరోజు అని ఎవరూ అనలేదు. సైదులు రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు.

బస్సులు లేవు కాబట్టి అక్క మంగళవారం పత్తి లోడు తెచ్చి, దించి తిరిగిపోయే డీసీఎం వ్యానులో వచ్చింది. తమ్ముణ్ణి చూసి తిట్టలేదు, అడగలేదు. జుట్టు నిమిరి, "మస్తు పెరిగింది, కటింగ్ జేపిస్త," అంది. డ్రైవరు పక్కన ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. బండి సాగర్ రోడ్డు వైపు మలుపు తిరిగేదాకా సుచిత్ర, సింధు నిలబడి చూశారు.

"ఆ దొంగ పాత్ర గురించి మాట్లాడాలి సుచీ," అంది సింధు. "నేను సరే అనకుండా ఉండాల్సింది. నువ్వు 'మీకు' అనకుండా ఉండాల్సింది."

"మాట్లాడుదాం. ఇయ్యాల ఒద్దు. నాకు ఓపిక లేదు."

"సరే. రేపు వస్తా."

సైదులు దేవరకొండలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పడానికి చేరాడని దీపావళి తర్వాత తెలిసింది. మందుల కోసం మలక్‌పేట వచ్చినప్పుడల్లా బ్రహ్మం దుకాణంలో ఒక పూట కూర్చుని వెళ్ళేవాడు. మధ్యలో రెండు నెలలు రాలేదు. ఆ రెండు నెలలు అతను బాగా లేడని, అక్క పక్కనే పడుకునేదని తర్వాత చెప్పాడు.

అది విన్నప్పటి నుంచి సుచిత్ర వారానికొకసారి ఫోన్ చేసేది. ఒక బుధవారం మూడుసార్లు చేసినా ఎత్తలేదు. నాలుగోసారి చేయడానికి చెయ్యి రాక, ఫోన్ బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చుంది. గంట తర్వాత అతనే చేశాడు.

"పిల్లలకు పరీక్ష నడుస్తున్నది చెల్లె. ఫోను స్టాఫ్ రూముల పెట్టిన. భయపడ్డవా?"

"పడ్డ," అంది సుచిత్ర. "పేపర్లు దిద్దుకున్నంక మళ్ళ చెయ్యి."